అందరూ ముందు వరసలోనే

ఆ ఆసుపత్రిలో ఆయనను అసలు పేరుతో పిలవగా నేనెన్నడూ వినలేదు. పెద్ద సిస్టరు మొదలుకొని గేటు దగ్గరి కాపలా మనిషి వరకు అందరికీ ఆయన సరేగారే. ఎవరేమడిగినా ముందు ‘సరే’ అని, అడిగినది సాధ్యమా కాదా అన్న సంగతి తరువాత ఆలోచించుకొనే స్వభావం వల్ల వచ్చిన పేరది. ఎగతాళిగా పెట్టినవాళ్ళు కూడా చివర ‘గారు’ తగిలించడం మరువలేదు. వెక్కిరింతనూ మర్యాదనూ ఒకే మాటలో ఇమిడ్చి, విన్నవాడు నవ్వాలో నమస్కరించాలో తేల్చుకోలేకుండా చేయగల నేర్పు మన భాషకున్నది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆ భాషనే పిల్లలకు చెప్పి విరమించినవాణ్ణి గనుక, ఇటువంటివి కంటబడితే ఒక క్షణం నిలబడక తప్పదు. అసలు సంగతికి వస్తాను.

అది జ్వరాలకూ దగ్గులకూ పోయే ఆసుపత్రి కాదు. విరిగిన ఎముక అతికాక నడక నేర్చుకొనేవాళ్ళూ, పక్షవాతం వచ్చి చెంచా పట్టుకోవడం కొత్తగా నేర్చుకొనేవాళ్ళూ, నోటి మాట పోయి దానిని వెతుక్కొనేవాళ్ళూ వారాల తరబడి ఉండే చోటు. మా అక్క తడి మెట్ల మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకొని, ఆపరేషన్ అయిన తరువాత అక్కడ చేరింది. నాకు వేరే పనీపాటా లేదు గనుక రోజూ ఉదయమే వెళ్ళి ఆమె పక్కన కూర్చొని పత్రిక చదివి వినిపించేవాణ్ణి. ఆమె వార్తల సంగతి వదిలి నా చదువుడు తీరుకు వంకలు పెట్టేది.

సరేగారిని నేను మొదట చూసింది నిచ్చెన మీద. అక్క మంచానికి సరిగ్గా పైన, కప్పుకు ఒక తెల్లని పెట్టెను బిగిస్తున్నాడు. సన్నని మనిషి, జుట్టు ముందు వైపు పలచబడింది, నోట్లో రెండు మరలు పట్టుకొని ఉండటం వల్ల బుగ్గ ఉబ్బి పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

“నాయనా, కాస్త చూసుకో. నా మీద పడ్డావంటే రెండో తుంటిని కూడా ఈ ఆసుపత్రికే రాసివ్వాల్సి వస్తుంది” అన్నది అక్క.

ఆయన మరలు చేతిలోకి తీసుకొని, “సరేనమ్మా” అని దిగి, నిచ్చెనను రెండడుగులు జరిపి మళ్ళీ ఎక్కాడు. అక్కడి నుంచి పెట్టె అందదు. ఒంటికాలి మీద నిలబడి, నడుము వంచి, చెమటలు కక్కుతూ ఆ మరలు బిగించాడే గానీ, ‘అమ్మా, ఒక్క నిమిషం మీ మంచం జరుపుతాను’ అనలేదు. కాదనడం కంటె కష్టపడటమే ఆయనకు సులువు. దీనిని మనం మొహమాటం అంటాము. ఇది పిరికితనం కాదు, వినయమూ కాదు, కేవలం దయ కూడా కాదు. మూడింటినీ కొద్దికొద్దిగా కలిపి ముద్ద చేస్తే వచ్చేది. అది ఉన్న మనిషిని అందరూ మంచివాడంటారు, అందరూ వాడుకొంటారు.

ఆయన అక్కడ మొదట కరెంటు పనికి చేరాడు. చేర్పించింది ఆయన సొంత అక్క మొగుడు, అంటే ఆయన బావగారు. బావగారు అదే ఆసుపత్రిలో రికార్డుల గదికి పెద్ద. ఎక్స్‌రేలూ స్కాన్లూ కేసు కాగితాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, దూరాన ఉన్న భద్రపరిచే కేంద్రానికి పంపడం ఆ గది పని. ఈ ఉద్యోగం తన చలవే అని బావగారు ఏనాడూ నోరు తెరిచి అనలేదట. అనకపోవడమే ఎక్కువ బరువని సరేగారు ఒకసారి నాతో అన్నాడు. గోడల్లో తీగలు లాగుతున్న కాలంలోనే ఆసుపత్రికి వైఫై వచ్చింది. ఆ పని ఎవరిదీ కాకపోవడంతో ఆయనదయింది. నేర్పేవాళ్ళను పట్టుకొని నేర్చుకొన్నాడు, తెలియనిది ఫోన్ చేసి అడిగాడు, నాలుగేళ్ళు తిరిగేసరికి భవనంలో గాలి మీద నడిచే ప్రతిదానికీ ఆయనే దిక్కయ్యాడు. సిస్టర్ల చేతుల్లోని చిన్న ఫోన్లు, డాక్టర్లు పలకల్లా పట్టుకు తిరిగే ట్యాబ్లెట్లు, మందుల కొట్టు కంప్యూటరు, రోగుల బంధువులు చూసే సినిమాలు, అన్నీ ఆ తెల్లని పెట్టెల మీదుగా పోవలసిందే.

ఇంటి దగ్గర ఆయన భార్య బట్టలు కుడుతుంది. ఒకనాడు భర్త మరచిపోయిన కళ్ళజోడు ఇచ్చిపోవడానికి వచ్చి మా అక్క దగ్గర కూర్చొన్నది. ఇంట్లో కూడా ఇంతేనా తల్లీ, ఏదడిగినా సరేనా, అని అక్క అడిగితే, “నేనేమీ అడగను పెద్దమ్మా. అడిగితే సరే అంటారు, అన్నాక ఇక అయిపోయినట్టే అనుకొంటారు. అడగకుండా కనబడేట్టు పెడితే చేస్తారు” అని నవ్వింది. కుట్టు మిషను పట్టీ తెగితే దాన్ని ఆయన అన్నం కంచం పక్కన పెట్టిందట.

ఇక అక్కడ రోగిగా ఉన్న ఒక వడ్రంగి సంగతి. ఆయనను అందరూ మేస్త్రి అనేవారు. తలుపులు చేయడంలో పేరున్న మనిషి. పక్షవాతం వచ్చి కుడి చేతి పట్టు సగం పోయింది, మాట దాదాపు మొత్తం పోయింది. చెప్పినదంతా అర్థమవుతుంది; పత్రికలో బొమ్మ చూసి నవ్వుతాడు; కానీ చెప్పవలసిన మాట లోపల ఎక్కడో అలమార వెనుక పడిపోయినట్టు, దానికోసం తడుముకొంటాడు. తడుముకొంటున్నంతసేపూ పెదవులు కదులుతాయి, నొసలు ముడిపడుతుంది, ఎడమ చేతి వేళ్ళు గాలిలో ఏదో కొలుస్తాయి. ఒక్కోసారి మాట దొరుకుతుంది. దొరికిన క్షణం ఆ ముఖం చూడవలసిందే.

ఆయనకు మాట నేర్పే డాక్టరమ్మ ఆ ఊరిలో ఉండేది కాదు. అటువంటివాళ్ళు తక్కువ గనుక, ఆమె ఎక్కడో కూర్చొని నాలుగైదు ఆసుపత్రుల వాళ్ళకు తెర మీద పాఠం చెప్పేది. వ్యాయామ హాలులో కిటికీ పక్కన ఒక అడ్డుతెర. దాని వెనుక చక్రాల స్టాండు మీద ఒక పలక. పలకలో ఆమె ముఖం. మేస్త్రి ఆ ముందు కూర్చొనేవాడు, కొంతసేపయ్యాక రెండు కమ్మీల మధ్య నిలబడి నడుస్తూ మాట్లాడాలి, అప్పుడు స్టాండు ఆయన వెంట దొర్లుతూ రావాలి. దానికొక తీగ తగిలిస్తే సరిపోదా అని నేను అమాయకంగా అడిగితే, నడక నేర్చుకొనేవాళ్ళు తిరిగే నేల మీద తీగ పరిస్తే మీ అక్కగారిలాంటివాళ్ళు ఇంకో పదిమంది తయారవుతారు మాస్టారూ అన్నాడు సరేగారు.

అక్క వ్యాయామం కూడా ఆ వేళకే, ఆ హాలులోనే. అడ్డుతెర చూపును ఆపుతుంది గానీ మాటను ఆపదు గనుక ఆ పాఠాలన్నీ నేను విన్నాను. ఉపాధ్యాయుడికి ఇతరుల పాఠం వినడం ఒక సుఖం. ఆమె చక్కని గురువు. ఒక బొమ్మ చూపించి, ‘ఇదేమిటి’ అని అడిగి, ఆగేది. ఆ ఆగడంలోనే ఆమె విద్యంతా ఉన్నది. తరగతిలో ప్రశ్న వేసి, జవాబు వచ్చేవరకు ఊరుకోగలిగిన పంతుళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

కష్టమెక్కడ వచ్చిందంటే, లైను కూడా ఆగేది. మేస్త్రి మాట కోసం తడుముకొంటూ ఉండగా, పలకలో డాక్టరమ్మ ముఖం నోరు సగం తెరిచి బిగుసుకుపోయేది. లేదా ఆయన మాట దొరికి పలికిన క్షణానే ధ్వని ముక్కలయ్యేది. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, ఔనన్నా కాదన్నా ఆ క్రియ తోకలోనే ఉంటుంది. తోక తెగిన తెలుగు వాక్యం కంటె నిస్సహాయమైనది లోకంలో లేదని నా అభిప్రాయం. ఆరోగ్యవంతులు మళ్ళీ చెప్పుకొంటారు. ఒక్క మాట కోసం చెమటోడ్చిన మనిషిని, వినబడలేదు, మళ్ళీ చెప్పండి, అంటే ఏమి చెబుతాడు?

“మేస్త్రీ, ఆగింది మీరా, లైనా?” అని అడిగేది డాక్టరమ్మ.

ఆ ప్రశ్నకు కూడా జవాబు మాటే గదా. ఆయన నోరు మూసుకొనేవాడు. పక్కన కూర్చొన్న భార్య ఉండబట్టలేక, “అది తాళం అండీ, తాళం అనబోయారు” అని అందించేది. మేస్త్రి తల కిటికీ వైపు తిప్పుకొనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆయన తడుముకోవడమే తగ్గించాడు. బొమ్మ చూపగానే భార్య వైపు చూసేవాడు.

ఈ పాఠాల ఫలితాన్ని డాక్టరమ్మ ఎప్పటికప్పుడు సూపరింటెండెంటుకు చెప్పవలసి ఉంటుంది. ఆమెకు కనబడినదే ఆమె చెప్పింది: రోగి ప్రయత్నం తగ్గిపోతున్నది. మంచం కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక, వచ్చే వారం జరిగే పరీక్షలో మెరుగు కనబడకపోతే మేస్త్రిని ఇంటికి పంపిస్తామని సూపరింటెండెంటు ఆయన భార్యకు చెప్పాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. కానీ వాళ్ళ ఇంటి దగ్గర మాట నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇంటికి పోవడమంటే ఇక ఆ మౌనంతోనే బ్రతకడమని ఆమెకు తెలుసు.

ఆమె సరేగారిని వరండాలో పట్టుకొన్నది. ఏడవలేదు, బతిమాలలేదు. మీరు బాగుచేస్తే ఆయన మాట్లాడతారన్నయ్యా, ఆయనకు మాటలు వస్తున్నాయి, నేను చూస్తున్నాను, లైనే మింగేస్తున్నది, అన్నది. ఆయన యథాప్రకారం సరేనమ్మా అన్నాడు. అని, ఎప్పుడూ చేసే పనే చేశాడు. సామాను గదిలోంచి మరొక తెల్లని పెట్టె తెచ్చి, అడ్డుతెరకు పైగా బిగించాడు.

మరునాడు పాఠం అంతకుముందు కంటె అధ్వాన్నంగా నడిచింది.

అప్పుడాయన చేయవలసిన పని చేశాడు. ఆ తరువాతి పాఠం నడిచినంతసేపూ అడ్డుతెర వెనుక ఒక ముక్కాలి పీట మీద కూర్చొని, ఒళ్ళో చిన్న కంప్యూటర్ పెట్టుకొని, గాలిలో ఏమి జరుగుతున్నదో చూశాడు. మధ్యమధ్య తలెత్తి మేస్త్రి ముఖమూ చూశాడు. అంతకుముందెన్నడూ ఆయన ఏ ఫిర్యాదు దగ్గరా అంతసేపు కూర్చోలేదు. సరే అని, పెట్టె బిగించి, మరొకరికి సరే అనడానికి పోయేవాడు. పాఠం అయ్యాక వచ్చి నా పక్కన బల్ల మీద కూలబడ్డాడు. 

“ఎవరో చేసింది కాదు మాస్టారూ. నేనే చేశాను. అందరికీ ముందు వరసే ఇచ్చాను.”

నాకు బోధపడలేదు. ఆయన విడమరచి చెప్పాడు. ఆ చెప్పడాన్ని నా మాటల్లో పెడతాను.

గాలిలో పోయేవాటికి తరగతి గదికి ఉన్నటువంటి నియమమే ఉన్నదట. మాట్లాడదలచుకొన్నది ముందు చెవి పెట్టి వినాలి. ఎవరూ మాట్లాడటం లేదని తెలిశాక కూడా వెంటనే నోరు తెరవకూడదు. మరికొంచెం ఆగి, అప్పటికీ నిశ్శబ్దంగా ఉంటే మొదలుపెట్టాలి. రెండు ఒకేసారి మొదలుపెడితే రెండూ చెడిపోతాయి, రెండూ మళ్ళీ చెప్పుకోవాలి. ఈ ‘మరికొంచెం’ అనేది అందరికీ ఒకటి కాదు. నాలుగు వరసలుంటాయి. మనిషి గొంతు ఆలస్యాన్ని ఓర్చుకోలేదు గనుక ముందు వరస దానికి. అది అందరికంటె తక్కువ ఆగుతుంది. కదిలే బొమ్మకు రెండో వరస. మామూలు పనులకు మూడోది. ఎప్పుడు చేరినా నష్టం లేని పెద్ద పెద్ద మూటలకు వెనుక వరస. అందరూ మాట్లాడుకోగా మిగిలిన సందులో అవి నింపాదిగా పోతాయి. ముందు వరసలో కొద్దిమందే, అదీ పొట్టి మాటలవాళ్ళే ఉన్నంతకాలం ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది.

సరేగారు చేసినదేమంటే, అడిగిన ప్రతివారినీ తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టడం. మందుల కొట్టామె మా బిల్లులు ఆలస్యమవుతున్నాయన్నది; సరే. సూపరింటెండెంటు గదిలో తెర మీద జరిగే సమావేశం బొమ్మ వణుకుతున్నదన్నారు, సరే. బంధువుల గదిలో ఒక పెద్దమనిషి ఆటల పోటీ ఆగిపోతున్నదని కేకలు వేశాడు, ఆయనకూ సరే. రికార్డుల గది బావగారు అడగనైనా అడగలేదు. ఒకసారి నిట్టూర్చాడు, అంతే. ఏళ్ళు గడిచేసరికి వెనుక వరసలన్నీ ఖాళీ, ముందు వరస కిటకిట. అందరికీ తక్కువ ఆగే హక్కే ఉంటే అందరూ ఒక్కసారే నోరు తెరుస్తారు, అందరివీ ఢీకొంటాయి, అందరూ మళ్ళీమళ్ళీ చెప్పుకొంటారు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా బిగించిన అదనపు పెట్టెలేమో ఒకదాని గొంతు మీద మరొకటి అరుస్తున్నాయి. ఈ సంతలో, ఒక్క మాట కోసం ఆగి ఆగి పలికే మనిషి గొంతు ఏమవుతుంది?

పెట్టెలు తీసేయడం, వరసలు మార్చడం ఎంతసేపు పని అని అడిగాను. తన బల్ల దగ్గర కూర్చొని టీ చల్లారేలోగా చేయవచ్చునన్నాడు.

“మరి?”

“వాళ్ళకు చెప్పాలి గదండీ.”

చెప్పకుండా మార్చవచ్చు. ఎవరికీ తెలియదు కూడా. కానీ మాట ఇచ్చి వెనుక నుంచి తీసేయడం ఆయనకు చేతకాదు. ఇచ్చినప్పుడు ముఖం చూసి ఇచ్చాను, తీసుకొనేటప్పుడూ ముఖం చూసే తీసుకోవాలి అన్నాడు. నాకప్పుడా మనిషి మీద ఎంత గౌరవం కలిగిందో, అంత భయమూ కలిగింది. ఎందుకంటే పరీక్ష దగ్గరకొచ్చేసింది.

మొదట ఆయన సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు. నేను వరండాలో నిలబడ్డాను. లోపల ఆయన గొంతు సర్దుకోవడం నాలుగైదుసార్లు వినబడింది. బయటికి వచ్చినప్పుడు కాస్త దిగ్భ్రమగా ఉన్నాడు. సూపరింటెండెంటుకు తాను ముందు వరసలో ఉన్న సంగతే తెలియదట! ఆ గదిలో సమావేశాలు వణకడం అప్పుడూ మానలేదు, ఇప్పుడూ మానలేదు, మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి అన్నాడట. అంత తేలికగా పోయినందుకు సరేగారికి సంతోషం కలగలేదు, చిన్నబోయాడు. ఇన్నేళ్ళు మోసిన బరువు అవతలివాడికి కనబడనే లేదని తెలిస్తే ఎవరైనా చిన్నబోతారు. మందుల కొట్టామె మాత్రం ముఖం మాడ్చుకొని, ఈ ఆసుపత్రిలో మా ముఖం చూసేదెవరు లెండి అని సణిగింది. పోటీలు చూసే పెద్దమనిషి ఎప్పుడో నడక నేర్చుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన వరస మాత్రం ఖాళీ చేయకుండా మిగిలింది.

చివరిది రికార్డుల గది. దాని తలుపు దగ్గర సరేగారు చాలాసేపు నిలబడ్డాడు. బావగారు ప్రతి ఉదయం సరిగ్గా మాటల పాఠం నడిచే వేళకే ఆ రోజు స్కాన్లన్నీ మూటగట్టి పంపేవాడు. భోజనానికి ముందు బల్ల ఖాళీ కావాలన్నది ఆయన పట్టుదల. అందరినీ మించి గాలిని నింపేసేవి ఆ మూటలే.

తలుపు తీసే ఉన్నది గనుక ఆ సంభాషణ నేనూ విన్నాను. వినకూడదని పక్కకు తప్పుకోవలసింది, తప్పుకోలేదు.

“బావా, మీ స్కాన్లను వెనుక వరసకు మారుస్తున్నాను. ఎక్కడికీ పోవు, కొంచెం నిదానంగా చేరతాయి.”

బావగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నన్ను వెనక్కి తోస్తావా?”

“మిమ్మల్ని కాదు బావా, స్కాన్లను.”

“స్కాన్లంటే ఎవరు? నేనే కదా. రేపు క్యాంటీన్‌లో అందరూ ఏమంటారు? సొంత బావమరిదే బావను వెనుక బల్ల మీద కూర్చోబెట్టాడంటారు. సిస్టర్ల ఫోన్లకు ముందు వరస, ఎవరో వడ్రంగికి ముందు వరస. ఇంటల్లుడికి వెనుక వరస.”

“ఆయనకు మాట పోయింది బావా.”

“నాకూ పోయేట్టుంది నీ వాలకం చూస్తే” అన్నాడు బావగారు. ఆ మాటకు ఇంకొకరైతే నవ్వేవారు. సరేగారు నవ్వలేదు, సరే అనలేదు, అక్కడే నిలబడ్డాడు.  చివరికి ఆయన, రేపటి నుంచి అంతే బావా, అని తల వంచుకొని బయటికి వచ్చాడు. వరండాలో నా చేయి పట్టుకొన్నాడు. 

ఆ సాయంత్రం వాళ్ళక్క ఫోన్ చేసిందట. మీ బావ తిండి ముందు కూర్చొని గోడకేసి చూస్తున్నారు, ఏం చేశావురా, అని అడిగిందట. ఆమెకు ఆయన వరసల సంగతంతా చెప్పబోయి, చెప్పలేక, రేపు వస్తానక్కా అని పెట్టేశాడు. మరునాడు ఉదయం నాతో అన్నాడు, మూడో వరసలోనైనా పెడదామా అని ఒక క్షణం అనిపించింది మాస్టారూ, మూడో వరస గౌరవమైనదే కదా, అని. పెట్టారా అని అడిగాను. లేదన్నాడు.

ఆ ఉదయమే మేస్త్రి పరీక్ష. సూపరింటెండెంటు వచ్చి కుర్చీలో కూర్చొన్నాడు. పెద్ద సిస్టరు పక్కన నిలబడ్డది. అక్క తన వ్యాయామం ముగించినా గదికి వెళ్ళనని భీష్మించుకొని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకొని కూర్చొన్నది. సరేగారు తన ముక్కాలి పీట మీద, ఒళ్ళో కంప్యూటరుతో. కప్పు మీది అదనపు పెట్టెలను అంతకుముందే విప్పేశాడు.

పాఠం మొదలైందో లేదో, సరేగారు ఒక్కసారిగా కంప్యూటర్ మీదికి వంగాడు. తరువాత తెలిసింది: ఆ నిమిషానే బావగారు ఆ రోజువే గాక వారం పొడుగునా దాచిన స్కాన్లన్నీ ఒక్క మూటగా కట్టి పంపడం మొదలుపెట్టాడు. కోపంతోనో, వెనుక వరస అంటే ఏమిటో పరీక్షిద్దామనో ఆయనకే తెలియాలి. ముందు రోజైతే ఆ ఒక్క మూట చాలు, గాలి మొత్తం ఉక్కిరిబిక్కిరయ్యేది. సరేగారు పీట మీద నుంచి సగం లేచాడు. పరుగెత్తి వెళ్ళి బతిమాలాలనుకొన్నాడేమో. మళ్ళీ కూర్చొన్నాడు. తెర మీది గీతలను చూస్తూ ఉన్నాడు. మూట సందు కోసం కాచుకొని, దొరికినప్పుడు ఒక అడుగు, దొరకనప్పుడు నిలబడి, పక్కగా పోతున్నది. డాక్టరమ్మ గొంతు గాజు గ్లాసులో నీళ్ళలాగ తేటగా వినబడుతున్నది.

ఆమె ఒక బొమ్మ చూపింది. తలుపు గడియ బొమ్మ. ఇదేమిటి మేస్త్రీ, అని అడిగి ఆగింది.

మేస్త్రి అలవాటుగా భార్య వైపు చూశాడు. తరువాత బొమ్మ వైపు చూశాడు. నొసలు ముడిపడింది. ఎడమ చేతి వేళ్ళు గాలిలో కదిలాయి, ఏదో పట్టుకొని పక్కకు జరిపినట్టు. చేతికి తెలుసు, నోటికి అందటం లేదు. హాలులో ఎవరూ కదలలేదు. డాక్టరమ్మ పలకకు దగ్గరగా వంగి, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ అడిగింది:

“లైను ఆగిందా?”

మేస్త్రి కళ్ళలో పాత నీరసం మళ్ళీ కమ్ముకోబోతున్నది. అప్పుడు అడ్డుతెర పక్క నుంచి సరేగారు, గొంతు పెంచకుండానే, అందరికీ వినబడేట్టు చెప్పాడు.

“లేదమ్మా. లైను బాగుంది. వెతుక్కొంటున్నది మేస్త్రే.”

“అయితే వెతకనిద్దాం. మేస్త్రీ, మీరు నింపాదిగా వెతకండి. నేను ఇక్కడే ఉన్నాను” అన్నది డాక్టరమ్మ.

అలా ఆమె ఎదురుచూసింది. ఎంతసేపో నేను చెప్పలేను. అంతకుముందు ఆయన మౌనాన్ని ఎవరూ ఆయనదిగా లెక్కించలేదు. యంత్రంతో కలిపి కట్టేశారు. ఇప్పుడది పూర్తిగా ఆయన సొత్తు. ఆ మౌనంలో ఆయన వెతుకుతున్నాడన్నది ఆమెకు కనబడుతున్నది, పెదవులు, వేళ్ళు, కంఠం కింద కదిలే నరం, అన్నీ. సూపరింటెండెంటు కూడా కుర్చీలో ముందుకు వంగాడు. భార్య ఓర్చుకోలేకపోయింది, ఆమె నోరు ‘గ’ అనడానికి తెరుచుకొన్నది.

మేస్త్రి ఎడమ చేయి ఎత్తి ఆమెను ఆపాడు.

“నే... నే” అన్నాడు. నేనే. ఎవరూ చూపించని బొమ్మకు, ఎవరూ అడగని ప్రశ్నకు ఆయన చెప్పిన మాట అది. ఆ తరువాత ఊపిరి పీల్చుకొని, ఒక్కొక్క అక్షరాన్ని రంపం కింద పట్టినట్టు పట్టి, “గ. డి. య” అన్నాడు.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టలేదు. మంచి గురువు. తల ఊపి, తరువాతి బొమ్మ అందుకొన్నది. కానీ మేస్త్రి అటు చూడటం లేదు. పక్కనున్న కిటికీ వైపు తిరిగి, దాని గడియను వేలితో చూపిస్తూ, మళ్ళీ నొసలు ముడిచాడు. ఈసారి ఎవరూ తొందరపడలేదు. కొంతసేపటికి, “వదులు” అన్నాడు, స్పష్టంగా, కొంచెం చిరాకుగా. పని సరిగా చేయని కుర్రాణ్ణి మందలించే మేస్త్రి గొంతుతో.

సూపరింటెండెంటు లేచి వెళ్ళి ఆ గడియను కదిపి చూశాడు. నిజంగానే వదులు.

మంచం మేస్త్రిదే అని ఆ మధ్యాహ్నం తేలింది. ప్రయత్నం తగ్గిందన్న తన మాటను డాక్టరమ్మ తానే దిద్దుకొన్నది. తగ్గింది ప్రయత్నం కాదు, నాకు వినబడటం తగ్గింది అన్నదట. ఆ దిద్దుబాటు ఎంత చక్కని వాక్యమో నేను అక్కకు విడమరచి చెప్పబోతే ఆమె వినలేదు.

బావగారి మూట ఆ సాయంత్రానికి చేరింది, ఒక్క స్కాను కూడా పోకుండా. ఆ సంగతి ఆయనకు సరేగారే వెళ్ళి చెప్పాడు. ఆయన తల ఊపాడు, మాట్లాడలేదు. నేను అక్కను ఇంటికి తీసుకువచ్చే రోజు వరకు కూడా మాట్లాడలేదనే విన్నాను. వరండాలో ఎదురైనప్పుడు ఇద్దరూ చెరో గోడవైపు నడిచేవారు. సరేగారు దానికి బాధపడ్డాడు, దాచుకోలేదు. కానీ స్కాన్లను ముందు వరసకు తేలేదు.

మేము బయలుదేరిన ఉదయం అక్క హాలు గుమ్మం దగ్గర ఆగమన్నది. కిటికీ దగ్గర సరేగారు స్క్రూడ్రైవరు పట్టుకొని గడియ బిగిస్తున్నాడు. మేస్త్రి కుర్చీలో కూర్చొని పని చెబుతున్నాడు. చెప్పడానికి మధ్య పెద్దపెద్ద సందులున్నాయి; ఆ సందులన్నిటిలోనూ సరేగారు చేయి ఆపి, తల తిప్పి, ఆయన నోటి వైపు చూస్తూ నిలబడుతున్నాడు. మేస్త్రి భార్య ఆ గుమ్మానికి అవతల బట్టలు మడత పెట్టుకొంటున్నది, ఒక్క మాటా అందించకుండా.

“ఇంకా” అన్నాడు మేస్త్రి. చాలాసేపు ఆగాడు. “ఇంకా బిగించు.”